ఒక నంబరు, రెండు క్యాన్లు

రెడ్డెప్ప పోయిన రోజు పొద్దున పాలబండి నల్లగుట్టపల్లె వీధిలోకి వచ్చి, ఆయన ఇంటి ముందు ఆగి, అలవాటు కొద్దీ హారన్ కొట్టింది. కొట్టాక గానీ డ్రైవరుకు గుర్తు రాలేదు, ఆ ఇంటి పాలు తీసుకోవద్దని పైనుంచి ఉత్తరువు ఉందని, ఆ ఇంట్లో ఇప్పుడు ఆవు కూడా లేదని. లోపల సుశీలమ్మ భర్త తల ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. హారన్ వినగానే ఆయన కళ్ళు వాకిలివైపు తిరిగాయి. మళ్ళీ ఇటు తిరగలేదు. అరుగుమీద పాలక్యాను బోర్లించి ఉంది. దాని మూతమీద ఉలితో కొట్టించిన అంకెలు: 417.

స్నానం చేయించేటప్పుడు ఆయన కుడి అరచేతిలో నల్లటి మచ్చ కనిపించింది. పొయ్యి దగ్గర కాలి ఉంటుందిలే అనుకున్నారు అందరూ. కూతురు రూప కూడా అదే అనుకుంది.

ఆ నంబరు ఆయన్ని ఎంత దూరం తీసుకుపోయిందో ఈ కథను మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవారికి నాలుగు మాటలు చెప్పడం మర్యాద.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళలోనూ పాల కేంద్రాలున్న కంపెనీ అది. బోర్డుమీద దాని పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది గానీ జనం నోట్లో అది మూడూళ్ళ డెయిరీ. పాలు పోసే ప్రతి ఇంటికీ అక్కడ ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరును క్యాను మూతమీద ఉలితో కొట్టించుకోవడం పల్లెల్లో ఆనవాయితీ అయిపోయింది. కొన్నాళ్ళకు అదే ఇంటిపేరవుతుంది. పెళ్ళిపత్రికల్లో వేయించరు గానీ, బజారులో పిలుపు దాంతోనే. నాలుగొందల పదిహేడు రెడ్డెప్ప అంటే పుంగనూరు చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు.

బోర్లు ఎండిపోయి, ఆవులకు గడ్డిపరక దొరకని పోయిన ఎండాకాలంలో, ఆ నంబరు పాలల్లో యూరియా కలిసిందని మదనపల్లె పరీక్ష గది తేల్చింది. డెయిరీకి ఒక పద్ధతి ఉంది. కల్తీ చేసినవాళ్ళ పాలు పదిమంది ముందు నేలమీద పారబోస్తారు. పేరూ నంబరూ కేంద్రం గోడమీద ఎర్రరంగుతో రాస్తారు. రెడ్డెప్పకు రెండూ జరిగాయి. ఆయన ఒక్కటే అడిగాడు, గంగమ్మ గుడి ముందర కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పి ప్రమాణం చేస్తానని. ఆ వైపు పల్లెల్లో అంతకు మించిన సాక్ష్యం లేదు. ఆయన్ని ఆపింది కూతురే.

"ఈ కాలంలో కర్పూరాలేంది నాయనా? మిషను పరీక్ష చేసింది, కంప్యూటరు రాసింది. దానికేమన్నా నీమింద పగ ఉండాదా?"

రెడ్డెప్ప కూతురి ముఖం కాసేపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆవును పుంగనూరు సంతకు తోలాడు. వానాకాలంలో పోయాడు.

రూప మదనపల్లె ప్రధాన కార్యాలయంలో కంప్యూటర్ ఇంజనీరు. మూడు కేంద్రాల లెక్కలనూ ఒకటిగా కలిపిన ప్రోగ్రాం రాసింది ఆమే. పోయిన వారం, అనపకాయల కాలం మొదలైన ఆ చలి రోజుల్లో, పాత లెక్కలు సరిచూస్తూ ఆమె ఒక చోట ఆగిపోయింది. తండ్రిమీద ముద్ర పడిన ఆ రోజున 417కు ఒకటి కాదు, రెండు ఫలితాలున్నాయి. ఒకదాంట్లో పాలు మంచివి. ఇంకొకదాంట్లో యూరియా. అదే రోజు కుప్పం కేంద్రంలో ఉన్న మరో 417కు అసలు ఫలితమే లేదు.

అక్కడే మనం ఆగాం.

*

ఇది ఎట్లా జరిగిందో అర్థం కావడానికి ఇంజనీరు కానక్కరలేదు. బడికి వెళ్ళినవాళ్ళెవరైనా చాలు. ఎనిమిదో తరగతి ఏ సెక్షనులో ఒక పన్నెండో నంబరు పిల్ల ఉంటుంది, బీ సెక్షనులో ఇంకొక పన్నెండో నంబరు పిల్ల ఉంటుంది. వేరువేరు గదుల్లో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఏ సెక్షనని అడక్కుండా పన్నెండో నంబరును నిలబడమంటే, ముందు వరుసలో ఉన్న పిల్ల లేచి నిలబడుతుంది. దెబ్బ ఆ పిల్లకే పడుతుంది.

మూడు కేంద్రాల్లోనూ మొదట వేరువేరు కంప్యూటర్లుండేవి. ప్రతి ఒక్కటీ ఒకటి నుంచి మొదలుపెట్టి, చివరి నంబరుకు ఒకటి కలిపి కొత్తగా వచ్చిన ఇంటికి ఇచ్చేది. మూడింటినీ కలిపేటప్పుడు రూప అందరికీ కొత్త నంబర్లు ఇద్దామంది. ఊరితో, పేరుతో సంబంధం లేని నంబరు. ఒకరికి ఇచ్చాక వాళ్ళు ఉన్నా పోయినా ఇంకొకరికి ఇవ్వని నంబరు. పల్లెలు ఒప్పుకోలేదు. అందరికంటే ముందు లేచి కాదన్నది ఆమె తండ్రే.

"నంబరు ఉలితో కొట్టించుకోనుండాము గదమ్మా. ఇప్పుడు మారిస్తే అది సెరిపేదెట్ల? క్యానుకు సొట్ట పడ్తాది."

అందరూ నవ్వారు. రూప కూడా నవ్వింది. పాత నంబర్లే ఉంచి, కంప్యూటరు లోపల మాత్రం వాటికి ముందు కేంద్రం గుర్తుగా ఒక అంకె పెట్టింది. పుంగనూరుకు రెండు, కుప్పానికి మూడు. పరీక్షకు వెళ్ళే సీసామీద మాత్రం క్యానుమీది నంబరే రాసేవాళ్ళు. పుంగనూరు పాలు మదనపల్లెలో, కుప్పం పాలు కుప్పంలోనే పరీక్ష చేసేవాళ్ళు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఎండాకాలంలో ఒక్కరోజు కుప్పం మిషను చెడిపోయింది. ఆ రోజు సీసాలను ఐసుపెట్టెలో మదనపల్లెకు పంపారు. అక్కడ ఎవరో 417 అని కొట్టారు. ఏ ఊరు 417 అని ప్రోగ్రాం అడగలేదు. అడిగేటట్టు రూప రాయలేదు. మదనపల్లె నంబర్లు నాలుగొందలు దాటలేదు కాబట్టి, ముందు వరుసలో ఉన్నది పుంగనూరు.

శనివారం ఆమె ఈ సంగతి మేనేజరు దేవరాజులుకు చెప్పింది. ఆయన విన్నాడు. చెడ్డవాడు కాదు. జాగ్రత్తపరుడు, అంతే.

"సోమవారం ఎట్లాగూ క్యాన్ల జోలికి పోకుండా లోపల కొత్త నంబర్లు ఎక్కిస్తాండాము గదమ్మా. నువ్వు మొదుట్నించీ అడుగుతాండే నంబర్లే. దాంతో ఈ తలనొప్పి తీరిపోతాది."

"మా నాయన ఫలితం సార్?"

"పోయినోళ్ళకు కొత్త నంబరు యాలమ్మా? వచ్చి పాలు పోస్తారా ఏమన్నా?"

అన్నాక ఎవరితో అన్నాడో తట్టింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అది కాదు రూపమ్మా. పోయినోళ్ళ లెక్కలు కట్టగట్టి పక్కన పెట్టేస్తాము. ఇంగ ఎవురూ తెరిసి సూడరు. నువ్వు దాన్ని మారస్తానంటే మార్చు, నేనొద్దనను. కానీ ఆ ఫలితం ఎవురిదో ఒకరిది కావాల గదా? ఊరికే గాల్లో పెట్టలేవు."

నిజమే. యజమాని లేని ఫలితాన్ని తన ప్రోగ్రాం ఒప్పుకోదు. ఆ కట్టుబాటు పెట్టింది కూడా ఆమే. దిక్కులేని ఫలితాలు లెక్కల్లో తిరగకూడదని అప్పట్లో గర్వంగా రాసుకుంది.

కాబట్టి సోమవారం లోపల ఆ యూరియా పాలు ఎవరివో రాయాలి. తండ్రివి కావని రాస్తే, కుప్పంలో ఉన్న ఆ ఇంకొకరివి. వాళ్ళ పేరు ఆమెకు తెలుసు. మనిషి తెలియదు. ఆదివారం పొద్దున్నే కుప్పం బస్సెక్కింది.

*

పలమనేరు దాటి, వీకోట దాటి, కుప్పం చేరేసరికి ఎండ పొడుచుకొచ్చింది. ఊరి చివర గ్రానైటు కోసే షెడ్లు వరసగా ఉన్నాయి. ఆదివారం కావడంతో రంపాలు ఆగి ఉన్నాయి గానీ తెల్లటి దుమ్ము మాత్రం చెట్ల ఆకులమీద, కరెంటు తీగలమీద, కుక్కల వీపులమీద కూడా పేరుకుని ఉంది. షెడ్లు దాటాక పనికిరాని రాతిపలకలు నిలబెట్టి గోడ కట్టుకున్న ఇల్లొకటి కనిపించింది. గోడలో ఒక పలక నల్లగా, అద్దంలా మెరుస్తోంది. ముందర పాకలో ఎముకలు తేలిన ఆవు. వాకిట్లో ఒక ముసలామె అనపకాయలు ఒలిచి గింజలు చాటలో పోస్తోంది.

"ఎవురమ్మా నువ్వు? ఇన్సూరెన్సామెవా?"

"కాదు పెద్దమ్మా. డెయిరీనుంచి వస్తాండాను."

"డెయిరీ వోళ్ళొస్తే పాలు పల్సగుండాయని సెప్పను వస్తారు. ఆ ఆవు ముసిల్దే, నేనూ ముసిల్దాన్నే. ఇద్దురం పల్సగానే ఉంటాము. ఏం సేస్తావు?" ముసలామె నవ్వి లోపలికి కేక వేసింది. "మునీశ్వరీ! డెయిరీ వోళ్ళంట. సాప యెయ్యి!"

రూప బస్సులో వస్తూ అడగాల్సిన మాటలన్నీ వరసగా పెట్టుకుంది. ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు, తప్పు ఇంకొకరిమీద పడిందని తెలుసా. ఆ వరస తిన్నగా నిలవాలని దారి పొడుగునా తనకు తాను అప్పజెప్పుకుంది. కానీ వాకిట్లో రెండు వస్తువులు ఆమె కంటబడ్డాయి. ఒకటి, గోడకు ఆనించి ఆరబెట్టిన పాలక్యాను. మూతమీద ఉలితో కొట్టిన 417. పల్లె మారింది గానీ ఉలి దెబ్బ ఒకటే. రెండోది, తొట్టి పక్కన స్టీలు బకెట్టు.

ఆ బకెట్టు సంగతి ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట మదనపల్లెలో డెయిరీ సభ జరిగింది. చీటీలు తీసి బహుమతులిచ్చారు. నాలుగొందల పదిహేడు అని పిలిస్తే ఇద్దరు లేచి నిలబడ్డారట. సభంతా ఒకటే నవ్వు. రెడ్డెప్ప ఇంటికొచ్చి, సంగటి ముద్ద ముందర పెట్టుకుని ఆ కథ ఎంత సంబరంగా చెప్పాడో. "నా నంబరు ఇంగొకామె కూడా పెట్టుకోనుండాది. ఆడబిడ్డ, ఆయమ్మకే ఇయ్యండి బకెట్టు అంటి." అప్పుడు రూప నవ్వి, "లోపల వేరే ఉంటాదిలే నాయనా, కంప్యూటరుకు తెలుసు," అంది.

మునీశ్వరి చాప తెచ్చి పరిచింది. ముప్పై దాటని మనిషి. జుట్టు ముడి వేసుకుంటూ, వచ్చినామె ముఖం చూసి, చేతులు అట్లాగే తలమీద ఉంచి నిలబడిపోయింది.

"నువ్వు రెడ్డెప్పన్న కూతురివా?"

రూప ఇంకా తన పేరు చెప్పలేదు.

"మా నాయన నీకెట్ల తెలుసు? సభలో సూసినావా?"

"సభలో సూస్తి."

"అంతేనా?"

మునీశ్వరి కుడిచేయి పిడికిలి బిగించి చీరకొంగులో దాచుకుంది. ఎండలో పాలక్యాను మెరుస్తోంది. రూప పెట్టుకున్న వరస చెదిరిపోయింది. తిన్నగా అడిగేసింది.

"ఎండాకాలంలో ఒకనాడు మీ పాలు మదనపల్లెకు పొయినాయి. ఆ పాలల్లో యూరియా ఉండె. కలిపింది నువ్వేనా?"

"నేనే."

ఇంత తొందరగా జవాబు వస్తుందని రూప అనుకోలేదు.

"ఆవుకు మేత లేదు. పాలు పల్సనయి రెండు పూట్లు ఎనక్కి పంపించిరి. మిషనుకు సిక్కగా కనిపిస్తాయని ఎవురో సెప్తే పిడికెడు కలిపినా. కలిపిన దినంనుంచి బండి హారన్ కొడితే గుండె జారిపొయ్యేది. ఎవురూ రాలా. మా మునిదేవర కాపాడినాడనుకుంటి." ఆమె ఆ పిడికిలికి కొంగు ఇంకొక చుట్టు చుట్టింది. "ఇంగ నన్నేమీ అడగొద్దు. నేను సెప్పకూడదు."

"యాల సెప్పకూడదు?"

"మాటిచ్చిండాను."

ఆమె పిడికిలి తెరిచింది. అరచేతి మధ్యలో నల్లటి మచ్చ.

 తండ్రికి స్నానం చేయించేటప్పుడు చూసిన చేయి రూప కళ్ళముందు నిలబడింది. నీళ్ళు పోస్తున్నకొద్దీ ఆ మచ్చ ఇంకా నల్లగా కనిపించిన చేయి. పొయ్యి దగ్గర కాలి ఉంటుందిలే.

"అది మాటిచ్చింది. నేనియ్యలా," అంది ముసలామె, అనపకాయలు పక్కకు జరిపి.

"అత్తా, ఊరుకో."

"యాల ఊరుకోవాల? కర్పూరం ఆర్పింది నువ్వు. నా సెయ్యి సూడు, శుబ్రంగా ఉండాది." ముసలామె అరచేయి చాపి చూపించింది. గింజల పసరు తప్ప ఏమీ లేదు. "ఆ బిడ్డ ఇంత దూరం వచ్చి ఉత్తసేతుల్తో పోవాల్నా? కూర్చోమ్మా. నేను సెప్తా."

మునీశ్వరి ముఖం తిప్పుకుని ఆవు దగ్గరికి వెళ్ళింది. వినకూడదని కాదు. వినే ఓపిక లేక.

"మీ నాయన నువ్వు కూర్చోనుండావే, ఆడ్నే కూర్చున్న్యాడు. సెనక్కాయలు తెచ్చిండె మూటగట్టి. మంచినీళ్ళు తాగి, ఏమ్మా బకెట్టు బాగుండాదా అన్న్యాడు. బాగుండాదన్నా అనింది ఇది. ఎండాకాలం పాలల్లో ఏమన్నా కలిపితివా తల్లీ అని అడిగినాడు. కోపంగా కాదు. బిడ్డను అన్నం తింటివా అని అడిగినట్ల అడిగినాడు. ఇది ఉన్న ఫళాన ఆయన కాళ్ళమింద పడె."

"తర్వాత?"

"గోడమింద ఆయన పేరు రాసిన సంగతి అప్పుడు సెప్పినాడు. ఇది శానాసేపు ఏడ్సి, పదన్నా పుంగనూరికి, నలుగుర్లో నేనే సెప్తానని లేసింది. ఆయన వద్దన్న్యాడు. ఏమన్న్యాడో తెలుసునా?"

ముసలామె ఎవరి మాటలు వాళ్ళ గొంతుతోనే చెప్పాలన్నట్టు నిదానించింది.

"నువ్వు సెప్తే ఒక నంబరు ఇద్దురికి ఎట్ల వచ్చిందని అడుగుతారమ్మా. ఆ లెక్క రాసింది నా కూతురు. అది నంబర్లు మార్చాలనే సెప్పింది. మార్చొద్దని పట్టుబట్టింది నేను. నా మాటకోసరం అది ఊరుకునింది. ఇప్పుడు దాని ఉద్యోగం పోతే అది నా పాపం గాదా? పాలు పొయ్యక పోతే నాకేమి, ఇంగ ఎన్నాళ్ళులే. ఇట్ల అన్న్యాడు."

రూప చాపమీది ఈనెను గోరుతో గీకుతూ ఉండిపోయింది.

"కర్పూరం ఆయనే తెచ్చిండె. జోబీలోనుంచి తీసినాడు. పాలల్లో ఇంగెప్పుడూ ఏమీ కలపనని, ఈ సంగతి యాడా సెప్పనని దీనిసేత ఆర్పించినాడు. మళ్ళ ఇంగొక బిళ్ళ వెలిగించి ఆయన ఆర్పినాడు."

"మా నాయన దేనికి ఆర్పినాడు?"

"కూతురికి సెప్పనని."

పాకలో ఆవు తోక ఆడించిన చప్పుడు. దూరంగా బెంగుళూరు రైలు కూత. గంగమ్మ గుడి ముందు తను ఆర్పనివ్వని కర్పూరాన్ని ఆయన జేబులో పెట్టుకుని, రెండు బస్సులు మారి, ఇంత దూరం వచ్చి ఆర్పాడు. ఆయన తన నిజాయితీకోసం కాదు, కూతురికోసం. రూప ఏడవలేదు. ఏడవడానికి తనకు హక్కు ఉందో లేదో తెలియనట్టు కూర్చుంది.

మునీశ్వరి ఇత్తడి లోటాలో కాచిన పాలు తెచ్చి ముందర పెట్టింది.

"తాగు. ఏమీ కలపలా."

రూప తాగింది. పల్చగానే ఉన్నాయి.

"నేను పోయి నిజం రాసుకుంటే నువ్వేమంటావు?" అని అడిగింది లోటా కింద పెట్టి.

"ఏమనేది? రాసుకో. సేసింది నేనే గదా." మునీశ్వరి చేతులు కట్టుకుని నిలబడింది. "కానీ ఒకటి అడగతా. నా పేరు కూడా గోడమింద రాస్తారా?"

"రాస్తారు."

"పాలు ఆపేస్తారా?"

రూప తల ఊపింది.

మునీశ్వరి షెడ్ల వైపు చూసింది. "అయితే నేను మళ్ళా ఆ రాళ్ళకాడికే పోవాల. మా ఆయన ఆ దుమ్ముకే దగ్గి దగ్గి పోయినాడు. అందుకనే ఈ ఆవును పట్టుకుంటి." బతిమాలినట్టు కాకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. "మీ నాయన ఆ పొద్దు వస్తా వస్తా నన్ను తిట్టిపోసింటే బాగుండు. సెనక్కాయలు తెచ్చినాడమ్మా."

*

తిరుగు బస్సు పుంగనూరులో ఆగేసరికి సాయంత్రం పాలు పోసే వేళయింది. కేంద్రం ముందు క్యాన్లతో జనం నిలబడి ఉన్నారు. రూపను చూసి ఇద్దరు ముగ్గురు పలకరించారు, "ఏం రూపమ్మా, ఊరికా?" అని. ఎవరూ గోడవైపు చూడలేదు. చూసి చూసి అలవాటైపోయింది. ఎర్రరంగు వానకు కొంచెం వెలిసింది గానీ పేరు చదవడానికి ఇబ్బంది లేదు.

నల్లగుట్టపల్లెలో సుశీలమ్మ సంగటి కెలుకుతోంది. రూప పొయ్యి పక్కన గోడకానుకుని కూర్చుంది.

"అమ్మా, నాయన పాలల్లో ఏమీ కలపలేదు."

సుశీలమ్మ తెడ్డు ఆపలేదు. "తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

"ఆయన్తో కాపరం సేసినదాన్ని. నీకు తెలీలేదా అని నేనడగాల గాని, నన్నడుగుతావేందే."

 మంట ఎగదోస్తూ సుశీలమ్మే మళ్ళీ అంది. "ఇప్పుడు సెప్పినాదా నీ కంప్యూటరు?"

"తప్పు కంప్యూటరుది కాదమ్మా. నాది. ఒకే నంబరు ఇద్దరికి ఉండాది. ఏ ఊరని అడిగేటట్ల నేను రాయలా."

సుశీలమ్మ తెడ్డు ఆగింది. కూతురిని తిట్టడానికి నోరు తెరిచిందో, దగ్గరికి తీసుకోవడానికి చేయి చాచిందో, ఆ పొగలో తెలియలేదు. రెండూ చేయలేదు. చివరికి, "అయితే గోడమింద పేరు సెరుపుతారా?" అంది.

"చెరపాలంటే ఆడ ఇంకొకరి పేరు రాయాల."

"ఎవురిది?"

 సుశీలమ్మ సంగటి ముద్దచేసి కంచంలో పెట్టి, నీళ్ళ చెంబు పక్కన ఉంచింది. కూతురు అన్నం ముట్టుకునేదాకా చూసి, అడిగింది.

"ఆయన సేతిలో మచ్చ యాడిదో తెలిసిందా?"

రూప చేయి కంచంలోనే ఆగిపోయింది. ఆ ప్రమాణం తనకోసం చేసింది. దాన్ని తను వినేసింది. ఇప్పుడు తల్లికి చెబితే అది చెరిగినట్టా, నిలిచినట్టా?

"తెలీదమ్మా," అంది.

తల్లి నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

*

సోమవారం పొద్దున దేవరాజులు కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టించి టెంకాయ కొట్టాడు. నీళ్ళు తీగలమీద పడకుండా అటెండరు దోసిలి పట్టాడు. రూప ప్రోగ్రాం నడిపించింది.

కొత్త నంబర్లు వరసగా పుట్టుకొచ్చాయి. పొడుగాటి నంబర్లు. ఏ ఊరివాళ్ళో, ఏ కులంవాళ్ళో, ఆవు ముసలిదో పడుచుదో ఏమీ చెప్పవు. ఈ మనిషి ఈ మనిషే, ఇంకొకరు కారు అని మాత్రం చెబుతాయి. క్యానుమీది నంబర్లు క్యానుమీదే ఉండనిచ్చింది. సొట్టలు పడవు. ఇన్నాళ్ళుగా ఆమె కోరుకున్న పని ఇదే. తండ్రి ఆ రోజు నవ్వులాటకు లేచి అడ్డం చెప్పకపోయి ఉంటే రెండేళ్ళ కిందటే అయిపోయేది.

పుంగనూరు పేర్లు నడిచాయి. పోయినవాళ్ళను దాటేసుకుంటూ పోయే చోట ఆమె ప్రోగ్రామును ఆపి, ఒక్క పేరుకు మాత్రం తన చేత్తో కొత్త నంబరు ఇచ్చింది. మంచి పాల ఫలితాన్ని ఆ నంబరుకు కట్టింది. రెండో ఫలితాన్ని ఆయన పేరునుంచి విడదీసింది. కుప్పం పేర్లు నడిచాయి. మునీశ్వరికి కూడా కొత్త నంబరు వచ్చింది.

మధ్యాహ్నం దాటాక యంత్రం నిలిచిపోయింది. తెరమీద ఒక్క వరస మాత్రం మిగిలింది. తేదీ ఉంది. యూరియా ఉన్నట్టు రాసి ఉంది. ఎవరివో రాయాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ నిండితే తప్ప మూడు ఊళ్ళ లెక్కలు ముందుకు కదలవు.

దేవరాజులు వెనక వచ్చి నిలబడ్డాడు. బయట సాయంత్రం పాలకు బండ్లు బయలుదేరుతున్నాయి.

"ఏమాయె రూపమ్మా, నిలిసిపోయింది?"

"ఒక్కటుండాది సార్."

ఆమె చేతులు మీటలమీదే ఉన్నాయి. ఆ పాలు ఎవరివో ఇంకా రాయలేదు. పుంగనూరు గోడమీద రెడ్డెప్ప పేరు ఇంకా చెరపలేదు.